లెక్క గట్టిగా చదివే చోట

చలి ముదిరింది. పొద్దుగూకితే చాలు, చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఊరూరా ఎవరో ఒకరు నాలుగు పుల్లలు ఏరుకొచ్చి మంటేస్తున్నారు. మంట దగ్గర మాటలకు వరుస అక్కర్లేదు కాబట్టి, నేనూ వరుస చూసుకోకుండానే మొదలుపెడతాను. పదిమంది కలిసి ఒక పని చేయాలంటే దానికి ఏర్పాటు ఎలా ఉండాలి? ఆ ఏర్పాటు బాగుందో లేదో ఎవరు చెప్పాలి, దేన్ని చూసి చెప్పాలి? ఈ పూట కబురు ఇదీ. వినగానే ఏదో పెద్ద కంపెనీ వ్యవహారం అనిపిస్తుందేమో. నేను చెప్పబోయేది పొదుపు సంఘం సంగతి. మీ అమ్మో, వదినో, పక్కింటి అక్కో నెలనెలా వెళ్లివచ్చే ఆ గ్రూపు మీటింగు సంగతే.

ఈ సంఘాల గురించి పేపర్లో రోజూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటాం. ఇన్ని కోట్ల రుణాలిచ్చారు, ఇంత శాతం తిరిగి కట్టారు, ఫలానా చోట చెక్కు పంచారు అని. అవన్నీ అవసరమే. కానీ చాప మీద ఏం జరుగుతుందో ఎవరూ రాయరు. నా దృష్టిలో సంఘం ప్రాణం ఆ చాప మీదే ఉంది.

చేవెళ్ల మండలంలో ఆలూరు అనుకోండి, ముడిమ్యాల అనుకోండి, కౌకుంట్ల అనుకోండి. పొద్దంతా క్యారెట్ పీకి కడిగి సంచులకెత్తినవాళ్లు, బంతిపూలు తెంపి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపినవాళ్లు, పాలు పిండి డబ్బా అప్పజెప్పినవాళ్లు, ఒక్కొక్కరే కాళ్లూ చేతులూ కడుక్కుని వస్తారు. ఎవరింటి ముందో, బడి వరండాలోనో చాప పరుస్తారు. గుండ్రంగా కూర్చుంటారు. నడుమ తీర్మానాల పుస్తకం, పొదుపు అప్పుల పుస్తకం, ఒక కట్టగా పాసు పుస్తకాలు. ఆలస్యంగా వచ్చినామె కూర్చోకముందే జరిమానా పది రూపాయలు పడేస్తుంది. ఇక లెక్క మొదలవుతుంది.

"పొదుపు రెండు వందలు. అప్పు కిస్తీ పదిహేను వందలు. మిత్తి అరవై. మొత్తం పదిహేడు వందల అరవై."

"ఆ, పదిహేడు వందల అరవై ముట్టినయ్. రాసుకో."

ఇచ్చినామె గట్టిగా చెబుతుంది. పుచ్చుకున్నామె నోట్లు అందరి ముందూ లెక్కపెట్టి గట్టిగా తిరిగి చెబుతుంది. రాసేవాళ్లు రాస్తూ మూడోసారి అంటారు. ఒకటే అంకె మూడు నోళ్ల మీదుగా పోతుంది. గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దామెకు చదువు రాదు, కళ్లూ సరిగా ఆనవు. ఆమె పుస్తకం వంక చూడదు. చెవి మాత్రం ఇటే ఉంటుంది. "అగో, పోయిన నెల ఆమె కిస్తీ సగమే కట్టింది గద, మిగిలింది రాసినవా?" అని అక్కణ్నుంచే అడుగుతుంది. రాసే అమ్మాయి రెండు పేజీలు వెనక్కి తిప్పి, "రాసిన పెద్దమ్మా, ఉన్నది" అంటుంది. నూటికి రూపాయి మిత్తి చొప్పున ఆరు వేలకు నెలకు అరవై అని ఆ చాప మీద ప్రతి ఒక్కరూ నోటి లెక్కతోనే చెప్పగలరు. బాకీ ఆరు వేల దగ్గరికి దిగిందంటే వచ్చే నెల తను అప్పు అడగొచ్చా లేదా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

ఇందులో ఎంత ఆలోచన ఉందో చూడండి. పది నుంచి పదిహేను మంది. అంతకు మించితే ఒకరి బాకీ ఇంకొకరికి గుర్తుండదు. గుండ్రంగా కూర్చోవడం వల్ల వెనక వరుస అంటూ ఉండదు. పొదుపు అందరికీ సమానం కాబట్టి భూమి ఉన్నామె మాటకూ కూలికి పోయే ఆమె మాటకూ పుస్తకంలో ఒకే బరువు. బ్యాంకులో డబ్బు తీయాలంటే ఒక్కరి సంతకం సరిపోదు. అప్పు ఎవరికి ముందు అన్నది చాప మీదే తేలాలి. ఒకామెకు బర్రె కొనాలి, ఇంకొకామెకు పిల్ల కాలేజీ ఫీజు, మరొకామెకు బోరు మోటారు కాలిపోయింది. ముగ్గురూ అందరి ముందూ చెప్పుకుంటారు, అందరూ వింటారు. ఇద్దరికి ఇస్తారు, మూడో ఆమె వచ్చే నెల దాకా ఆగుతుంది. ఎందుకు ఆగాలో ఆమెకు తెలుసు, అది అసలు విషయం.

ఇలా చెవితో పని నడవడం మన చాపకే పరిమితం కాదు. లండన్ నగరంలో భూగర్భ రైళ్లలో బేకర్లూ లైన్ అని ఒకటుంది. దాని కంట్రోల్ రూములో మనుషులు ఎలా పనిచేస్తారో క్రిస్టియన్ హీత్, పాల్ లఫ్ అనే ఇద్దరు పరిశోధకులు దగ్గర కూర్చుని చూసి, 1992లో ఒక వ్యాసం రాశారు. ఒకాయన రైళ్ల నడక చూస్తాడు. పక్కనే ఇంకొకాయన ప్రయాణికులకు మైకులో ప్రకటనలు చేస్తాడు. రైలు ఆలస్యమైతే మొదటాయన టైంటేబులు మారుస్తూ, ఎవరినీ ఉద్దేశించకుండా, పైకి మాట్లాడుకుంటాడు. పక్కాయన తన పని తాను చేసుకుంటూనే ఆ మాట చెవిన వేసుకుని, ఎవరూ చెప్పకముందే ప్రకటన సిద్ధం చేసుకుంటాడు. ఒకరి పని ఇంకొకరికి వినబడేలా చేయడం ఆ గదిలో పనిలో భాగం. దాన్ని ఎవరూ రూలుగా రాసిపెట్టలేదు. కొత్త యంత్రాలు తెచ్చేటప్పుడు ఈ వినికిడి పోకుండా చూసుకోవాలని ఆ పరిశోధకులు రాశారు. నాకు మాత్రం గోడకు ఆనుకున్న ఆ పెద్దామే కళ్ల ముందు మెదులుతుంది. లండన్ గదిలో జరిగేదీ, మన చాప మీద జరిగేదీ ఒకటే.

ఇలాంటి సంగతులు చదవడానికి ఒక శాస్త్రమే ఉంది. కంప్యూటర్ల సాయంతో మనుషులు కలిసి పనిచేయడం అనే విషయానికి 1984లో ఐరీన్ గ్రైఫ్, పాల్ క్యాష్‌మన్ అనే ఇద్దరు ఒక పేరు పెట్టారు. 1986లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో, ఆ పేరుతో మొదటి పెద్ద సదస్సు జరిగింది. ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాక, ఒక్కడు వాడుకునే యంత్రం వేరు, పదిమంది కలిసి వాడుకోవాల్సిన ఏర్పాటు వేరు అని వాళ్లకు అర్థమవుతున్న రోజులవి.

మన దగ్గర ఆ పాఠం వేరే దారిన వచ్చింది. కర్ణాటకలో మైరాడ అనే సంస్థ చిన్న చిన్న పొదుపు బృందాలతో పనిచేసింది. 1992లో నాబార్డు దేశం మొత్తం మీద 500 సంఘాలను బ్యాంకులతో కలిపి చూద్దామని మొదలుపెట్టింది. అదే ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాల మీద లేచారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పట్లో తెలియని ఇల్లు లేదు. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా ఆగింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే ఏం చేయాలి అన్న ప్రశ్న అక్కణ్నుంచే పుట్టింది. రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి. దుకాణం ముందు కలిసి నిలబడ్డవాళ్లకు కలిసి కూర్చోవడం అప్పటికే అలవాటైంది. ఇది నేను పదేపదే తలుచుకునే సంగతి. సంఘం ముందు పుట్టింది, పుస్తకం తర్వాత వచ్చింది.

2000లో ఊళ్లలో పేదరికం పోగొట్టే పనికి సెర్ప్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. దాని కార్యక్రమాన్ని మొదట వెలుగు అన్నారు, తర్వాత ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ) అన్నారు. ఇప్పటికీ మన ఊళ్లలో ఆ ఆఫీసును ఐకేపీ అనే అంటారు. సంఘాలు కలిసి ఊళ్లో గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. మంచి సంఘం ఏదో తేల్చడానికి పంచసూత్రాలు పెట్టారు. క్రమం తప్పని మీటింగు, క్రమం తప్పని పొదుపు, లోపల అప్పులివ్వడం, వేళకు కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. ఈ అయిదింటినీ బట్టి సంఘానికి గ్రేడు ఇస్తారు, గ్రేడును బట్టి బ్యాంకు అప్పు ఇస్తుంది.

ఈ అయిదూ మంచివే. నేను వాటిని తక్కువ చేయను. ఒక ఊరి ఆడవాళ్లు బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని అప్పు అడిగే స్థితి వచ్చిందంటే ఆ పుస్తకాలే కారణం. కానీ కొలత ఏదైనా, దాని మీద డబ్బు ఆధారపడిన రోజు నుంచి ఆ కొలతనే పండించడం మొదలవుతుంది. మీటింగు జరగకపోయినా తీర్మానం రాసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకోవచ్చు. పుస్తకంలో అంతా సవ్యంగా ఉంటుంది. గోడకు ఆనుకున్న పెద్దమ్మ చెవికి మాత్రం ఆ నెల ఏ అంకే వినబడదు. పంచసూత్రాలు అయిదింటిలో నాలుగింటిని పుస్తకం చూసి చెప్పొచ్చు. మీటింగు జరిగిందా అన్నది అక్కడ ఉంటే తప్ప తెలియదు.

పుస్తకం మాత్రమే చూస్తే ఏమవుతుందో మన రాష్ట్రం 2010లో చూసింది. మీకూ గుర్తుండే ఉంటుంది. మైక్రోఫైనాన్స్ కంపెనీల వ్యాపారంలో దేశంలోనే అతి పెద్ద వాటా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. వాళ్లూ ఆడవాళ్లనే కూర్చోబెట్టారు, వాళ్లూ గ్రూపులే కట్టారు, వాళ్లకూ మీటింగు ఉండేది. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. చాప అదే, మనుషులూ వాళ్లే. ఆ చాప మీద మాత్రం అప్పు ఎవరికి ఇవ్వాలో ఆడవాళ్లు తేల్చేవాళ్లు కాదు, మిత్తి ఎంతో వాళ్లు పెట్టేవాళ్లు కాదు, కట్టిన మిత్తి వాళ్ల సంఘానికి చేరేది కాదు. వాళ్ల వంతుకు వచ్చింది ఒక్కటే. ఒకామె వారం కిస్తీ కట్టలేకపోతే మిగతావాళ్లు కట్టాలి, లేదా కట్టేలా ఆమె మీద కూర్చోవాలి. పదిమంది మధ్య ఉన్న స్నేహాన్ని, చుట్టరికాన్ని, సిగ్గును తీసుకుపోయి వసూలుకు తాకట్టు పెట్టారు.

ఆ రోజుల్లో ఆ కంపెనీల వసూలు శాతం నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది అని చెప్పుకునేవాళ్లు. ఆ అంకె చూసే పెట్టుబడిదారులు వచ్చారు, బ్యాంకులు డబ్బు ఇచ్చాయి. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీలో అప్పు, దానికోసం మూడో చోట అప్పు. శాతం మాత్రం తగ్గలేదు. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరు 15న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం కాకుండా నెలకోసారి కట్టించుకోవాలనీ, ఇంటి మీదికి పోకుండా పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురూ తిరిగే చోట వసూలు చేసుకోవాలనీ అందులో పెట్టారు. ఆ తర్వాత ఆ కంపెనీల వసూళ్లు కుప్పకూలాయి. తొంభై తొమ్మిది శాతం అన్న అంకె అబద్ధం కాదు. డబ్బు నిజంగానే వచ్చింది. ఆ డబ్బు ఏ ఇంట్లో ఏం అమ్మితే వచ్చిందో, ఎవరి మాట పడితే వచ్చిందో చెప్పే గడి ఆ రిపోర్టులో లేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కుదుటపడదు. కళ్లముందు అంత జరుగుతున్నా ఏర్పాటు బాగుందని లోకమంతా మెచ్చుకుంది.

ఆ దెబ్బ తర్వాత 2011లో స్త్రీనిధి వచ్చింది. మండల సమాఖ్యలకూ అందులో వాటాలు. ఆడవాళ్లు వారం కిస్తీల వాళ్ల దగ్గరికి ఎందుకు పోయారో కూడా అందులో ఆలోచించారు. జ్వరం వస్తే, చావు జరిగితే, ఫీజు గడువు దాటిపోతుంటే బ్యాంకు దారి చాలా దూరం. అందుకని ఫోను ద్వారా అడిగితే నలభై ఎనిమిది గంటల్లో అప్పు ఖాతాలో పడేలా పెట్టారు. ఇది నిజంగా తెలివైన ఏర్పాటు. ప్రమాదం ఎక్కడుందో చూసి, ఆ చోటే గండి పూడ్చారు.

ఫోను వచ్చింది కాబట్టి ఫోను సంగతి చెప్పుకోవాలి. ఇప్పుడు ప్రతి గ్రామ సంఘానికీ ఒక వీఓఏ, అంటే సంఘం సహాయకురాలు, ఉంటుంది. ఆ ఊరి అమ్మాయే, కాస్త చదువుకున్నది. పుస్తకాలు ఆమె రాస్తుంది, ఫోనులో ఎక్కిస్తుంది, బ్యాంకుకు ఆమె వెళ్తుంది, వడ్ల కొనుగోలు కేంద్రం పెడితే అక్కడా ఆమే, సర్వే వస్తే ఆమే. ఊళ్లో సిగ్నల్ లేక, మీటింగు అయ్యాక రాత్రి ఇంటి మిద్దె ఎక్కి, ఒక్కో సభ్యురాలి లెక్క ఒక్కో గడిలో నింపుతుంది. అక్కడ నింపిన అంకె చేవెళ్లలో ఐకేపీ ఆఫీసుకు కనబడుతుంది, జిల్లాకు కనబడుతుంది, హైదరాబాదుకు కనబడుతుంది. చాప మీద కూర్చున్న ఆమెకు కనబడదు. అదివరకు పాసు పుస్తకం ఆమె బీరువాలో ఉండేది. పిల్లవాడి చేత చదివించుకునేది. ఇప్పుడు లెక్క ఎవరి ఫోనులో ఉందంటే వీఓఏ ఫోనులో.

జొనాథన్ గ్రూడిన్ అనే అమెరికా పరిశోధకుడు 1988లో ఒక ప్రశ్న వేసుకున్నాడు. కలిసి పనిచేయడానికి చేసిన ఇన్ని ఏర్పాట్లు ఎందుకు కూలిపోతున్నాయి అని. ఆయన చెప్పిన కారణాల్లో మొదటిది నాకు బాగా నచ్చింది. ఎక్కువ చాకిరీ ఒకరిది, ఫలితం ఇంకొకరిది అయితే ఆ ఏర్పాటు నిలవదు అన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ మీటింగులకు వేళ కుదిర్చే ప్రోగ్రాము. దానివల్ల సుఖపడేది మేనేజరు. అది పనిచేయాలంటే కింద ఉన్న ప్రతి ఉద్యోగీ తన డైరీని కంప్యూటర్లో రోజూ నింపాలి. తనకు లాభం లేని పని ఎవరు చేస్తారు? నింపరు. అది మూలన పడుతుంది.

మన వీఓఏలు మానేయలేదు. నింపుతూనే ఉన్నారు. గౌరవ వేతనం చాలదని, తమను సెర్ప్ ఉద్యోగులుగా గుర్తించమని 2023 వేసవిలో తెలంగాణ అంతటా సమ్మెకు దిగారు. మండలాల్లో టెంట్లు వేసుకుని కూర్చున్నారు. ఆ రోజుల్లో వాళ్లను దాటిపోయినవాళ్లు జీతాల గొడవ అనుకుని ఉంటారు. నాకు అది గ్రూడిన్ చెప్పిన లెక్కే అనిపించింది. పైవాళ్లకు లోకమంతా తెరమీద కనబడాలంటే కింద ఒకరు రాత్రుళ్లు కూర్చుని ఆ తెర నింపాలి. ఆ ఒకరి కష్టాన్ని ఏర్పాటులో భాగంగా లెక్కించకపోతే, ఏర్పాటును సగమే చూసినట్టు. ఎవరైనా ఈ సంఘాల మీద అధ్యయనానికి వస్తే, ముందు వీఓఏ దినచర్య రాసుకోండని చెబుతాను. ఎన్ని గడులు నింపుతుంది, వాటిలో ఎన్ని మళ్లీ చాప మీదికి తిరిగి వస్తాయి అని. తిరిగి రాని గడులు ఎందుకున్నాయో ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

యంత్రాలు లేని కాలంలో మనవాళ్లు ఈ చిక్కు ఎలా విప్పుకున్నారో చెబుతాను. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1970ల చివర్లో కర్నూలు జిల్లా కాలువ ఊళ్లలో తిరిగాడు. కాలువ చివరన, నీళ్లు చాలీచాలని చోట ఉన్న ఊళ్లు తమంతట తామే ఒక నిధి పెట్టుకుని, మనుషులను జీతానికి పెట్టుకుని, అందరి పొలాలకూ నీళ్లు పారించుకుంటున్నాయని చూశాడు. పంట కాపలాకూ అంతే. సర్కారు చెప్పలేదు, చట్టం లేదు. నీళ్లు దండిగా ఉన్న ఎగువ ఊళ్లలో ఈ ఏర్పాటు పెద్దగా లేదు. అవసరం ఉన్నచోటే ఏర్పాటు పుట్టింది. ఆయన పుస్తకం 1988లో వచ్చింది. ఉమ్మడి వనరులను జనమే చూసుకోగలరని చెప్పి 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా ఆ పరిశోధన మీద ఆధారపడింది. నీళ్లు పారించే మనిషికి జీతం ఇచ్చేది ఎవరి పొలం తడవాలో వాళ్లే. అందుకే అతను వాళ్లకు జవాబు చెబుతాడు. వీఓఏ ఎవరికి జవాబు చెప్పాలి? చాపకా, ఆఫీసుకా? జీతం దారీ, రిపోర్టు దారీ రెండూ పైకే పోతుంటే, ఎంత మంచి పిల్లైనా ముఖం అటే తిప్పుతుంది.

ఇక మొయినాబాద్ వైపు వద్దాం. అటు కథ వేరు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల్లోకి వచ్చే నీళ్లు పాడవకూడదని 1996లో 111 జీవో తెచ్చి, 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. అయినా హైదరాబాద్ నగరం ఆగలేదు. భూములు చేతులు మారాయి, ఫాంహౌసులు లేచాయి. కనకమామిడి, సురంగల్, చిలుకూరు దారుల్లో కొన్ని కుటుంబాలు ఒకనాడు తమదైన పొలంలోనే ఇవాళ తోటపని చేస్తున్నాయి. కొందరు చిలుకూరు బాలాజీ గుడి దగ్గర కొబ్బరికాయలు, పూలు అమ్ముకుంటున్నారు. పాలీహౌసుల్లో పనికి దూర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఉంటున్నారు. 2025లో చేవెళ్ల, మొయినాబాద్ రెండూ మున్సిపాలిటీలయ్యాయి.

సంఘం ఒకే వాడ వాళ్లతో, ఒకే రకం పనివాళ్లతో కట్టిన ఏర్పాటు. అందరికీ పొద్దుగూకితే తీరిక. ఒకామె బర్రె ఈనిందా లేదా అందరికీ తెలుసు. ఇప్పుడు అదే చాప మీద ఒకామె డ్యూటీ రాత్రి తొమ్మిదికి దిగుతుంది, ఒకామె ఆదివారం పూట గుడి దగ్గర నుంచి కదలలేదు, ఒకామె ప్లాటు అమ్మిన డబ్బుతో మిద్దె కట్టుకుని నెలకు రెండు వందల పొదుపు కోసం రావడమెందుకు అనుకుంటుంది. డబ్బు ఫోన్‌పేలో పంపేసి, "వేసిన అక్కా, చూసుకో" అని కబురు పెడుతుంది. పొదుపు క్రమం తప్పలేదు, కిస్తీ క్రమం తప్పలేదు. గ్రేడు తగ్గదు. చాప మాత్రం ఖాళీ అవుతుంది. అక్కకు డబ్బు ముట్టిందని అక్కకు తెలుసు, పంపినామెకు తెలుసు. మిగతావాళ్లకు తెలియదు. ఇలా నాలుగు నెలలు గడిచాక, "నాకెందుకు ఇయ్యలే, ఆమెకెందుకు ఇచ్చిన్రు" అన్న మాట పుడుతుంది. ఆ మాటకు జవాబు పుస్తకంలో ఉండదు.

ఫోను వద్దని నేను అనను. రాత్రి డ్యూటీ ఆమెను జరిమానా పేరుతో బయటికి నెట్టడం అన్యాయం. ఆ ఫోనులోనే లెక్కను గట్టిగా చదివే దారి పెట్టొచ్చు. నెల లెక్క ముగిశాక ఒక్కొక్కరి పొదుపు, బాకీ, ఆ నెల ఎవరికి ఎంత ఎందుకు ఇచ్చారు అన్నది వీఓఏ తన గొంతుతో చదివి, సభ్యులందరికీ వాట్సాప్‌లో పంపితే చాలు. చదువు రాని పెద్దమ్మ కూడా మనవరాలి ఫోనులో వింటుంది. తప్పుంటే మర్నాడు బావి దగ్గరో బస్టాండులోనో నిలదీస్తుంది. పెద్ద ఖర్చేం కాదు. పైకి పంపే గడులు నాలుగు తగ్గించి ఈ ఒక్క పని చేయిస్తే వీఓఏకు భారమూ పెరగదు.

సంఘం బాగుందో లేదో చూడటానికి ఎవరైనా వస్తే లీడరును కలుస్తారు, పుస్తకం తిప్పుతారు, ఫోటో తీసుకుని పోతారు. లీడరు బాగా మాట్లాడుతుంది, అందుకే లీడరయింది. నన్నడిగితే మీటింగులో అందరికంటే తక్కువ మాట్లాడినామె దగ్గర కూర్చోవాలి. నీ బాకీ ఎంతమ్మా అని అడగాలి. చూడకుండా చెప్పిందా, లీడరు వంక చూసి చెప్పిందా అన్నది గమనించాలి. పోయిన నెల అప్పు ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అని అడగాలి. నువ్వు ఎప్పుడైనా వద్దన్నావా, అంటే ఏమైంది అని కూడా. ఆ తర్వాత ఊళ్లోకి నడిచి, సంఘం మానేసినవాళ్ల ఇంటికి పోవాలి. ఇది ఎవరూ చేయరు. పుస్తకంలో ఉన్నవాళ్ల పేర్లే ఉంటాయి, పోయినవాళ్ల పేర్లు కొట్టేస్తారు. నెలకు రెండు వందలు కట్టలేక పోయిందా, మాట పడలేక పోయిందా, కోడలు వచ్చాక కొడుకు వద్దన్నాడా? మానేసినామె చెప్పే నాలుగు మాటల్లో ఆ ఏర్పాటు ఎక్కడ అతుకు ఊడిందో తెలుస్తుంది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. సంఘాల చేతికి ఇప్పుడు పెద్ద పెద్ద పనులు వస్తున్నాయి. వడ్లు కొనడం ఎప్పటి నుంచో ఉంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం వచ్చింది. 2025 మార్చి 8న మహిళా సమాఖ్యల పేరుతో ఆర్టీసీకి అద్దె బస్సులు మొదలయ్యాయి. బస్సు సమాఖ్యది, అద్దె ఆర్టీసీ కడుతుంది. తమ పేరున రోడ్డు మీద బస్సు తిరగడం ఎంత గర్వమో, రోజుకో రూపాయి దాచిన తరానికే తెలుసు. నాకూ ఆ బస్సు చూస్తే కడుపు నిండుతుంది.

కానీ రెండు వందల పొదుపు లెక్క చాప మీద తేలేది. బస్సు లెక్క మండల సమాఖ్యలో తేలుతుంది. అక్కణ్నుంచి గ్రామ సంఘానికి, గ్రామ సంఘం నుంచి ఊళ్లో సంఘానికి, సంఘం నుంచి చాప మీద మనిషికి రావాలి. మూడు మెట్లు దిగాలి. అప్పు కిస్తీకి ఎంత పోయింది, అద్దె ఎంత వచ్చింది, మిగిలింది ఎక్కడుంది అన్న మూడు అంకెలు ప్రతి నెలా మండలంలోని ప్రతి సంఘం మీటింగులో చదవాలని సమాఖ్య తీర్మానం చేసుకోవచ్చు. తీర్మానాల పుస్తకంలో ఒక్క పేజీ పని. వచ్చే సమాఖ్య మీటింగుకు మీ ఇంటి నుంచి ఎవరైనా పోతుంటే, ఈ పేజీ రాయించమని చెప్పి పంపండి.